తాగి మానినోడికే ఆ ఉద్యోగం

పోయిన ఆదివారం కూటంలో ఒక తమ్ముడు అడిగినాడు, "యాభై ఏండ్లు దాటినాక కౌన్సెలింగ్ నేర్చుకునేదానికి ఎందుకు పోతారన్నా, పొద్దు పోకనా?" అని. అప్పుడు జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడు రాస్తా ఉన్నాము. మేము తమిళంలో చదువుకున్నోళ్ళము, తప్పులుంటే దిద్దుకొని చదవండి.

1935లో అమెరికాలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద ఆక్రన్ అనే ఊరికి పోయినాడు. తాగుడు మాని కొన్ని నెలలే. పోయిన పని చెడింది, దిగిన హోటల్లో బారు పిలస్తా ఉంది. ఆయన వెతికింది వైద్యుణ్ణి కాదు, తనలాంటి ఇంకొక తాగుబోతును. వాడితో మాట్లాడితే తాను తాగకుండా ఉంటానని. దొరికినాయన బాబ్ స్మిత్. (ఆయన డాక్టరే, అది వేరే సంగతి!) ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్లా పుట్టింది.

తరవాతిది మా గుమాస్తా బుద్ధికి బాగా నచ్చిన ముక్క. మిన్నెసోటా రాష్ట్రంలో 1954లో తాగుడు రోగుల కౌన్సెలర్ అని సర్కారు ఉద్యోగమే పెట్టినారు. అర్హత ఏమంటే, హైస్కూలు చదువు, తాగుడు మాని రెండేండ్లు. మన రైల్వేలో అయితే ఆ సంగతి దరఖాస్తులో దాచిపెడతారు. అక్కడ అదే సర్టిఫికెట్.

అదే మిన్నెసోటాలో హేజెల్డెన్ అనే చోటికి మన మదరాసు నుండి ఒకామె పోయింది. శాంతి రంగనాథన్. టి.టి. కృష్ణమాచారిగారి మనమడి భార్య. 1979లో భర్త తాగుడుతోనే పోయినాడు. ఆమె అక్కడ నేర్చుకొని వచ్చి 1980లో భర్త పేరుతో సంస్థ పెట్టింది. అదే ఈ పొద్దు అందరూ టి.టి.కె. ఆసుపత్రి అంటారే, దాని మొదలు. 1992లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆమె పొద్దు పోక పోయిందని ఎవరంటారు?

మా బుకింగ్ ఆఫీసులోనూ ఒకాయన ఉండె. ఇంట్లో మాదిరే తెలుగే మాట్లాడేవాడు. క్యాషు తగ్గితే మేమంతా చేతినుండి వేస్తిమి, డ్యూటీ మార్చుకుంటిమి. అది స్నేహం అనుకుంటిమి. ఒక రాత్రి షిఫ్టులో "భయంగా ఉందప్పా" అన్నాడు. "పోయి పండుకో, తెల్లారితే సరిపోతాది" అంటిమి. ఆ మాటకు మించి ఆయన్ని మేము ఏనాడూ అడగలేదు. రిటైర్మెంటు చూడకుండానే పోయినాడు.

ఆ రాత్రి కౌంటరులో ఉన్న మాలో ఒకరు పింఛను వచ్చిన ఏడాదే కౌన్సెలింగ్ క్లాసులో చేరినాడు. ఇప్పుడు వారానికొకసారి ఒక మాన్పించే కేంద్రంలో కూర్చుంటాడు. మొదటి దినం వచ్చినాయన కృష్ణగిరి పక్కవాడంట. అరగంట తమిళంలోనే అంతా చెప్పి, ఇంటామె మాట వచ్చేతలికి తెలుగులోకి మారిపోయినాడంట. మావాడు పేనా కింద పెట్టి విన్నాడు.