పాత కారు స్లోలో ఆగిపోతోందా? కార్బొరేటర్ స్క్రూ తిప్పే ముందు ఈ పైపులు చూసుకోండి

తణుకు: హైవే మీద అరవైలో బాగానే పోతుంది. ఉండ్రాజవరం జంక్షన్ దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజిన్ వణికి ఆగిపోతుంది. పాత మారుతి 800, అంబాసిడర్, పద్మిని కార్లున్న చాలామందికి ఇది తెలిసిన బాధే. ఎక్కువమంది ముందుగా చేసే పని కార్బొరేటర్ విప్పించడం, లేదంటే మిక్చర్ స్క్రూ తిప్పించడం. కానీ చాలాసార్లు తప్పు కార్బొరేటర్‌ది కాదు. దాని పక్కనుండే సన్నటి రబ్బరు పైపులది.

మారుతి 800 తొలి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐ వచ్చేదాకా కార్బొరేటర్‌తోనే నడిచింది. అంటే ఇప్పుడున్న కార్బొరేటర్ బండ్లకు పాతికేళ్లు దాటినట్టే. అన్నేళ్ల ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. చేల పక్కన, ధాన్యం బస్తాలున్న షెడ్లలో పెట్టిన కార్లకు ఎలుకల బెడద అదనం. పైపు కొరికినా బయటికి కనిపించదు.

అసలేం జరుగుతుంది?
పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లాగుతుంది. కార్బొరేటర్‌లో త్రాటిల్ మూసి ఉంటే మ్యానిఫోల్డ్‌లో పీడనం బాగా తగ్గుతుంది. ఆ లాగుడునే వ్యాక్యూమ్ అంటారు. దాంతోనే డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ ముందుకు జరుగుతుంది, బూస్టర్ ఉన్న బండ్లలో బ్రేక్ తేలికగా పడుతుంది. పైపు చిరిగితే ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. స్లోలో ఇంజిన్ తీసుకునే గాలే కొంచెం కాబట్టి చిన్న చిల్లైనా మిశ్రమం పల్చబడి బండి వణుకుతుంది. స్పీడులో అసలు గాలి ఎక్కువ కాబట్టి తేడా తెలియదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఈ పల్చదనాన్ని ఇంకాస్త పెంచుతుంది.

ఏ పైపు ఎక్కడికి?
డిస్ట్రిబ్యూటర్ పైపు: చాలా కార్లలో ఇది త్రాటిల్ పళ్లానికి పైనున్న రంధ్రానికి వెళ్తుంది. స్లోలో అక్కడ లాగుడు ఉండదు, యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే వస్తుంది. పైపు పీకి వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. స్లోలోనే గట్టిగా లాగుతుంటే పైపు వేరే రంధ్రానికి పెట్టి ఉండొచ్చు. మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చుకోవాలి.

బ్రేక్ బూస్టర్ పైపు: మిగతావాటికన్నా లావుగా ఉంటుంది, నేరుగా మ్యానిఫోల్డ్‌కు వెళ్తుంది. దీంట్లో గాలిని ఒకవైపే వదిలే వాల్వ్ ఉంటుంది. తిప్పి పెడితే బూస్టర్ పనిచేయదు.

ఆయిల్ ఆవిరి పైపు: ఇంజిన్ పైకప్పు నుంచి వస్తుంది. పీసీవీ వాల్వ్ ఉన్న బండైతే దాన్ని తీసి ఊపాలి, గలగలమనాలి. చప్పుడు లేకపోతే మడ్డి పట్టినట్టే.

ఇలా చెక్ చేసుకోండి
1. ఏ పైపూ పీకక ముందే ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ప్రతి పైపుకూ, అది దిగే రంధ్రానికీ ఒకే నంబరు రాసిన టేపు అంటించండి.

2. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు చివర్లు వంచి చూడండి. పగుళ్లు ఎక్కువగా అక్కడే వస్తాయి. వాడని రంధ్రాలకు రబ్బరు మూతలున్నాయో లేదో చూడండి.

3. స్లోలో నడుస్తుండగా ఒక్కో పైపును వేళ్లతో నొక్కి పట్టండి. నొక్కగానే వణుకు తగ్గితే లీకు ఆ పైపులోనో, అది వెళ్లే చోటో ఉన్నట్టు. ఫ్యాన్‌కు, బెల్టుకు చేతులు, బట్టలు దూరంగా ఉండాలి.

4. కార్బొరేటర్ కింది ప్యాకింగ్ దగ్గర సబ్బు నీళ్లు కొద్దిగా చల్లండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతున్నట్టు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ గానీ, క్లీనర్ స్ప్రే గానీ కొట్టొద్దు. మంట అంటుకుంటుంది.

5. వ్యాక్యూమ్ గేజ్ ఉంటే మ్యానిఫోల్డ్‌కు పెట్టండి. స్లోలో ముల్లు కదలకుండా 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలవాలి. ఎత్తు ప్రదేశాల్లో ఈ లెక్క తగ్గుతుంది కానీ, డెల్టా ఊళ్లు సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి ఇక్కడ పూర్తిగా రావాల్సిందే. నిలకడగా ఉన్నా బాగా తక్కువుంటే లీకు గానీ, టైమింగ్ వెనకబడటం గానీ కారణం.

బ్రేక్ పరీక్ష మర్చిపోవద్దు
ఇంజిన్ ఆపి బ్రేక్ పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. పెడల్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకుండా రాయిలా ఉంటే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందట్లేదు. ఆ బండిని నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లొద్దు. మెకానిక్‌నే పిలిపించుకోవాలి.

స్క్రూ తిప్పితే వచ్చే చిక్కు
లీకు వదిలేసి మిక్చర్ స్క్రూతో పెట్రోల్ పెంచితే వణుకు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. పొగ పరీక్షలోనూ దెబ్బే. బీఎస్-2 కన్నా పాత పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. పెట్రోల్ ఎక్కువైతే మొదటిది, లీకుతో మిస్‌ఫైర్ అయితే రెండోది పెరుగుతాయి. 15 ఏళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కొత్త పైపు కొనేటప్పుడు పాత ముక్కను షాపుకి తీసుకెళ్లి అదే లోపలి కొలత అడగండి. వ్యాక్యూమ్ పైపును పెట్రోల్ లైనుకు ఎప్పుడూ వాడొద్దు. పైపులన్నీ సరిగ్గా కూర్చున్నాకే టైమింగ్, ఆ తర్వాతే మిక్చర్ స్క్రూ. ఈ వరుస తప్పకపోతే చాలా బండ్లకు కార్బొరేటర్ విప్పాల్సిన పనే ఉండదు.