గుడ్లు పోయి మొలాసిస్ మిగిలింది

ఇండియన్ పుడ్డింగ్‌కీ మన దేశానికీ సంబంధం లేదు. అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఇంగ్లిషువాళ్లు మొక్కజొన్న పిండిని అక్కడి ఆదివాసుల పేరిట ఇండియన్ పిండి అనేవారు. పేరు అలా వచ్చింది. 17వ శతాబ్దంలో వచ్చిన వీళ్లకు గోధుమ అలవాటు. ఆ నేలలో అది సరిగా పండలేదు. వాంపనోగ్ తెగవాళ్లు నేర్పిన మొక్కజొన్న పండింది. మొదట దాన్ని మన సంకటిలా కెలికి తిన్నారు. అమెరికన్ కవి జోయెల్ బార్లో 1793లో ఫ్రాన్స్‌లోని సవాయ్‌లో ఉండగా ఆ సంకటి మీద ఏకంగా ఓ కావ్యమే రాశాడు.

ఆ సంకటిని పుడ్డింగ్‌గా మార్చే తీపికి మొలాసిస్ దొరికింది. కరీబియన్ దీవుల్లో బానిసల చేత చెరకు నరికించి చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిపాకం అది. న్యూ ఇంగ్లండ్ రమ్ము బట్టీల కోసం పీపాలకొద్దీ దిగేది, పంచదారకంటే చవక. పరాయి దీవుల సరుకు మీద 1733లో బ్రిటన్ గాలనుకు 6 పెన్నీల సుంకం వేస్తే వర్తకులు దొంగచాటుగా దించుకున్నారు. ఈ పుడ్డింగ్‌ను అమాయకపు పల్లె వంటగా మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి ఎందుకో దాటేస్తారు.

1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ ‘అమెరికన్ కుకరీ’లో ఈ పుడ్డింగ్ మూడు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది కలిగినవారిది: మూడు పైంట్ల పాలకు ఏడు చెంచాల పిండి, ఏడు గుడ్లు, అర పౌను ఎండుద్రాక్ష, వెన్న; గంటన్నర కాల్చాలి. రెండోదానికి రెండే గుడ్లు, పంచదార లేకపోతే మొలాసిస్, రెండున్నర గంటలు. మూడోదానిలో గుడ్డూ లేదు, వెన్నా లేదు. గుడ్డలో గట్టిగా కట్టి 12 గంటలు ఉడకబెట్టడమే. ఖర్చు తగ్గేకొద్దీ పొయ్యి మీద ఉండాల్సిన సమయం పెరిగింది.

సరిగ్గా నూరేళ్లకు, 1896లో, బోస్టన్‌లో ఫ్యానీ ఫార్మర్ రాసిన వంటల పుస్తకంలోని ఇండియన్ పుడ్డింగ్‌లో గుడ్లు లేవు. ఐదు కప్పుల వేడి పాలు, కప్పులో మూడోవంతు పిండి, అరకప్పు మొలాసిస్, చెంచాడు శొంఠిపొడి, ఉప్పు. సన్నసెగ ఓవెన్‌లో రెండు గంటలు. చివరికి నిలబడింది పేదింటి పద్ధతే. నా లెక్కలో రుచి కూడా దానిదే: గుడ్డు పడితే ఇది మామూలు కస్టర్డ్ అవుతుంది.

ఇంట్లో చేసేవాళ్లు మరిగే పాలలో పిండిని ఉండకట్టకుండా సన్నగా జారవిడిచి, చిక్కబడేదాకా తిప్పి, మొలాసిస్, శొంఠి కలిపి 150 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. కాలుతుండగా కొందరు పైన కప్పు చల్లటి పాలు పోసి కలపకుండా వదిలేస్తారు. అంచుల్లో కాస్త నీరు తేలుతుంది, పైన గోధుమరంగు మీగడ కడుతుంది. చూపుకు అందం తక్కువే. హోటళ్లు దీన్ని వదులుకోవడానికి అదీ, పట్టే సమయమూ కారణాలేమో. ఏళ్ల తరబడి దీన్ని వడ్డించిన బోస్టన్‌లోని డర్గిన్-పార్క్ హోటల్ 2019లో మూతపడింది.

మన దగ్గర చేయాలంటే మొలాసిస్ బదులు నల్లబెల్లం పాకం సరిపోతుంది. కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లపొడి మాత్రం పనికిరాదు; పసుపుపచ్చని మొక్కజొన్న రవ్వ కావాలి.