ఒక తెగ పేరు మెటల్ పాట దాకా ఎలా వచ్చింది?



ఫిన్లాండ్ బ్యాండ్ నైట్‌విష్ పాడిన "షీ ఈజ్ మై సిన్" మనలో కొందరైనా వినే ఉంటారు. 2000లో వచ్చిన "విష్‌మాస్టర్" ఆల్బమ్‌లో మొదటి పాట. పేరుకి అర్థం "ఆమే నా పాపం". ఒక మగాడికి ఒక ఆడమనిషి మీద కోరిక పుడుతుంది. అది పాపమని భయపడతాడు, భయపడేకొద్దీ కోరిక ఇంకా పెరుగుతుంది. రాసింది కీబోర్డ్ వాయించే టువోమస్ హొలొపైనెన్. పాడింది టార్యా టురునెన్, శాస్త్రీయ గానం నేర్చుకున్న గొంతు. కరుకు గిటార్లు, డ్రమ్స్, వాటి వెనక ఆర్కెస్ట్రాలా మోగే కీబోర్డ్. దీన్ని సింఫనిక్ మెటల్ అంటారు. చీకటి, పాపం, మోహం ఎక్కువైతే ముందు ఇంకో మాట చేరుస్తారు: గోథిక్.

ఆ మాట ఒక తెగ పేరు. మనం ఆగాల్సింది అక్కడే.

గోత్‌లు యూరప్‌లోని ఒక జర్మానిక్ తెగ. క్రీ.శ. 410లో అలారిక్ నాయకత్వంలో రోమ్ నగరాన్ని కొల్లగొట్టారు. చరిత్ర రాసింది ఎక్కువగా రోమ్ వైపువాళ్లే కాబట్టి వీళ్లకి "అనాగరికులు" అనే పేరు మిగిలింది. నిజానికి 4వ శతాబ్దంలోనే వుల్ఫిలా అనే బిషప్ వాళ్ల భాషకి లిపి తయారుచేసి బైబిల్‌ని అనువదించాడు. తోలు మీద వెండి సిరాతో రాసిన ఆ అనువాద ప్రతి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఇప్పటికీ ఉంది. లిపి ఉన్నా అనాగరికులే అన్నారు. గుంజాల గోండి లిపి సంగతి తెలిసిన మనకి ఇదేం వింత కాదు.

స్పెయిన్‌లో వాళ్ల రాజ్యం 711లో కూలింది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకి ఫ్రాన్స్‌లో మొనదేలిన తోరణాలతో ఎత్తైన చర్చిలు కట్టడం మొదలైంది. 16వ శతాబ్దంలో ఇటలీ రచయిత జార్జో వసారికి ఆ శైలి నచ్చలేదు. అది గోత్‌ల పని అని తిట్టాడు. గోత్‌లు అందులో ఒక్క రాయి కూడా పెట్టలేదు. నచ్చనిదానికి తెగ పేరు తగిలించారు, అంతే.

తర్వాత ఆ తిట్టే మోజైంది. హోరేస్ వాల్పోల్ 1764లో అచ్చేసిన "ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో" నవలని మరుసటి ఏడు రెండో ముద్రణలో "గోథిక్ కథ" అన్నాడు. పాత కోటలు, దయ్యాలు, కూడని మోహం ఆ పేరు కిందికి చేరాయి. 1897లో "డ్రాక్యులా" వచ్చింది. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో గోథిక్ రాక్ పుట్టింది. 1991లో పారడైజ్ లాస్ట్ బ్యాండ్ తన ఆల్బమ్‌కే "గోథిక్" అని పేరు పెట్టింది. తర్వాత నార్వే బ్యాండ్ థియేటర్ ఆఫ్ ట్రాజెడీ మగ గర్జన పక్కన మెత్తని ఆడ గొంతు పెట్టింది. నైట్‌విష్ ఆ దారిలోనే వచ్చింది.

పాట బాగుంటుంది, వినండి. కానీ మన పేపర్లు కూడా చూడండి. నగరంలో హత్య జరిగినా, అధికారి దౌర్జన్యం చేసినా హెడ్డింగ్ "ఆటవిక పాలన". చేసినవాళ్లు అడవి ముఖం కూడా చూసి ఉండరు. ఊరి పెద్దలు కూర్చుని, రెండు వైపులా విని తగవు తీర్చే పద్ధతి మన గూడేల్లో ఉంది. అది ఆ హెడ్డింగ్ రాసినవాళ్లకి తెలీదు.

మా పేరెందుకు పెట్టారని అడగడానికి గోత్‌లు మిగల్లేదు. మనం ఉన్నాం. ఈసారి ఆ హెడ్డింగ్ కనబడితే ఎడిటర్‌కి ఉత్తరం రాయండి, కాపీ ఇక్కడ పెట్టండి.

జై ఆదివాసీ.