వైద్యుడు, ప్రజ, రాజ్యం

వైద్యుడు రాజకీయాల్లోకి వస్తే మన చరిత్రకారులు దానిని త్యాగమని వర్ణించి ఊరుకుంటారు. ఈ వర్ణన నాకు సమ్మతం కాదు. అతడు దేనిని విడిచాడన్నది కాదు, ప్రజలను ఏ దృష్టితో చూశాడన్నదే అసలు ప్రశ్న.

1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన బెంజమిన్ రష్ వైద్యుడే. బానిసత్వాన్ని ఖండించాడు, అయినా తానూ ఒక బానిసకు యజమానిగా ఉన్నాడు. 1793లో ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ ప్రబలినప్పుడు పారిపోక రోగుల మధ్య నిలిచాడు. కాని నెత్తురు తీయడమే చికిత్స అని పట్టుబట్టాడు. పౌరులను గణతంత్రానికి పనికివచ్చే యంత్రాలుగా మలచాలన్నాడు. ఆయన ధైర్యాన్ని నేను శంకించను. అయితే ఆ దృష్టిలో ప్రజ రోగి, పాలకుడు వైద్యుడు. రోగి నోరు విప్పనక్కరలేదు.

1918లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ మరో దారి తొక్కారు. వైద్యం చదివిన ఆయన మఖ్దూం మొహియుద్దీన్ తదితరులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్‌లో పనిచేశారు. 1946లో వెలసిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నిర్మాతల్లో ఒకరు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతవాసం, జైలు అనుభవించారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. 1952 నుంచి 1962 దాకా ఆయన రాజ్యసభ సభ్యులు. 2011లో కన్నుమూశారు.

జ్వరానికి మందుంది. ఇరుకు గదికీ, చాలీచాలని కూలికీ సీసాలో మందు దొరకదు. వాటికి సంఘమే సాధనం. సంఘంలో కార్మికుడు రోగి కాడు, తన బాధకు తానే నిదానం చెప్పుకునే మనిషి. గౌర్ జీవితంలోని చారిత్రక విశేషం ఇదే.

దీనితో నేటి హైదరాబాదుకు పనేమిటంటారా? 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాత ఆ దారి పొడవునా మేడలు లేచాయి. నా విద్యార్థులు అనేకులు అక్కడ పనిచేస్తున్నారు. ఉద్యోగికి నిద్ర కరువైతే ధ్యానం నేర్పుతారు. పనిగంటల మాట ఎత్తరు. అంటే నిద్రలేమి అతని సొంత జబ్బన్నమాట! ఇది రష్ దృష్టే. ఇంజనీరు కార్మికుడెలా అవుతాడని కొందరి ఆక్షేపణ. జీతం పెద్దదైనంత మాత్రాన శ్రమను అమ్ముకోవడం తప్పదు కదా. అదే మేడను ఊడ్చే కాంట్రాక్టు కూలీకీ, అతనికీ పని ఎప్పుడు పోతుందోనన్న భయం ఒక్కటే.

అందుచేత గౌర్‌ను త్యాగమూర్తిగా పటం కట్టి పూజించడం చాలదు. 1946 నాటి సంఘ నిర్మాణ చరిత్రను మన తరగతి గదుల్లో పాఠంగా చెప్పాలి. అది విన్న విద్యార్థి రేపు ఆ మేడల్లో అడుగుపెట్టినప్పుడు, తన అలసటకు కారణం తనలోనే వెతుక్కోకుండా పక్కవాణ్ణి పలకరిస్తాడు.