ఎలుకల బరువులు, మనుషుల ర్యాంకులు

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థను మీలో చాలామంది దారిలో చూసే ఉంటారు. అయితే అది పుట్టింది ఇక్కడ కాదు. 1918లో నీలగిరులలోని కూనూరులో, బెరిబెరి వ్యాధిపై పరిశోధన కోసం రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు దానికి శ్రీకారం చుట్టారు. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో నేటి పేరు పొందింది.

మెకారిసన్ భారతదేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకల గుంపులకు వేర్వేరుగా పెట్టి, వాటిని తూచి, ఆ ఆహారాలను వరుసక్రమంలో నిలిపారు. గోధుమ రొట్టెలు, పాలు, నెయ్యి, పప్పు, కూరగాయలున్న సిక్కుల భోజనం అగ్రస్థానంలో నిలిచింది. మరపట్టిన బియ్యమే ప్రధానమై, పాలు బహుస్వల్పంగా ఉన్న మద్రాసీల భోజనం చిట్టచివరన మిగిలింది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి సుమా!

వరుసక్రమాన్ని గణితసాధనంగా మలచినవారిలో ముఖ్యుడు ఛార్లెస్ స్పియర్‌మన్. 1904లో ఆయన ర్యాంకుల ద్వారా రెండు అంశాల సంబంధాన్ని కొలిచే పద్ధతిని వివరించారు. నేడు ఎస్‌పీఎస్‌ఎస్, శాస్, స్టాటా, ఆర్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఒక్క ఆదేశంతో వేలమంది వివరాలకు ర్యాంకులు వచ్చేస్తాయి. మనం వేరుగా చెప్పకపోతే అవి అతి చిన్న విలువకే ఒకటో ర్యాంకు ఇస్తాయి. రెండు, మూడు స్థానాలలో విలువలు సమానమైతే రెండింటికీ 2.5 వేస్తాయి. పరీక్షల ర్యాంకులకు అలవాటుపడిన మనకు ఒకటో ర్యాంకు అంటే గొప్పదనే భ్రమ. ఇక్కడ హిమోగ్లోబిన్ పట్టికలో ఒకటో ర్యాంకు పొందిన స్త్రీయే అందరికంటే ప్రమాదంలో ఉన్నది.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ముగ్గురు స్త్రీల హిమోగ్లోబిన్ 6, 8.9, 9 గ్రాములనుకోండి. ర్యాంకులు 1, 2, 3. మరో ముగ్గురికి 12.5, 13, 14 ఉన్నా అవే ర్యాంకులు! గర్భవతులు కాని స్త్రీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 12. మొదటి గుంపులో పై ర్యాంకు పొందినామె కూడా రక్తహీనతతో ఉన్నదే. ఆ సంగతి ర్యాంకు చెప్పదు.

పిల్లల ఎదుగుదల పట్టికలలోని పర్సెంటైల్ కూడా ర్యాంకే. అందుకే ఎవరితో పోల్చారన్నది ముఖ్యం. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన ప్రమాణాలకు ఆరు దేశాలలో అనుకూల పరిస్థితులలో పెరిగిన పిల్లలను కొలిచారు. వారిలో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. మీ మనుమడు అంగన్‌వాడీలో అందరికంటే బరువైనవాడని ఎవరైనా చెబితే సంతోషించండి; ఆపై కార్డు తెరిచి, ఆ బరువు ఏ గీత దగ్గర ఉందో చూడండి.