ఆదివారం పాఠం ముందే తెలిస్తే

మా బళ్లారి ఇంట్లో గోడకు రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకటి అంగడివాళ్లు ఇచ్చిన కన్నడ క్యాలెండరు, పాల లెక్క రాసుకోవడానికి. రెండోది చర్చి క్యాలెండరు. అందులో ప్రతి ఆదివారం పక్కన ఆ రోజు అంశం, చదవాల్సిన వాక్యభాగాలు అచ్చయి ఉండేవి. శనివారం రాత్రి భోజనాలయ్యాక మా తాత దాన్ని చూసి, మరుసటి రోజు పాఠాన్ని మా చేత చదివించేవారు. ఎప్పుడో ఆగస్టులో అయ్యగారు ఏ భాగం మీద ప్రసంగం చేయాలో ముందే ఎవరు నిర్ణయించారని చిన్నప్పుడు మాకు తట్టలేదు. ఈ మధ్య తట్టింది. వెతికితే అదొక పెద్ద చరిత్ర.

ఈ అలవాటు చర్చితో మొదలైంది కాదు. యూదులు తోరాను భాగాలుగా విడగొట్టి, వారానికొకటి చొప్పున ఏడాదిలో పూర్తి చేస్తారు. క్రైస్తవులు ఆ పద్ధతికి తమ పండుగలను కలిపారు. మనవాళ్లు పంచాంగం చూసి ఉగాది ఎప్పుడో చెప్పినట్టే, ఈస్టరుకూ ఒక లెక్క ఉంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టరు. అందుకే అది 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. ఆ ఒక్క తేదీ తేలితే భస్మ బుధవారం, మంచి శుక్రవారం, పెంతెకొస్తు అన్నీ తేలిపోతాయి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. ఇలా ఏడాదికి చట్రం దొరుకుతుంది, ప్రసంగాలు అందులో కూర్చుంటాయి.

ఇంకో దారి కూడా ఉంది. 1519 జనవరి 1న జ్యూరిక్‌లో జ్వింగ్లీ పట్టికను పక్కన పెట్టి, మత్తయి సువార్తను మొదటినుంచి వరసగా బోధించడం మొదలుపెట్టాడు. జెనీవాలో కాల్విన్‌దీ అదే పద్ధతి. 1538లో ఊరివాళ్లు ఆయన్ని వెళ్లగొట్టారు, 1541లో మళ్లీ పిలిపించుకున్నారు. తిరిగొచ్చిన కాల్విన్ జరిగిన గొడవ ఎత్తకుండా, మూడేళ్ల క్రితం ఆపిన చోటునుంచే ప్రసంగం అందుకున్నాడు. మా ఇంట్లో ఈ కథ అందరికీ నచ్చింది.

ఇంగ్లండులో క్రాన్మర్‌ బాధ వేరు. బైబిలు పుస్తకాలను మొదలుపెట్టడమే గానీ చివరిదాకా చదవడం లేదని 1549 ప్రార్థన పుస్తకం ముందుమాటలో ఉంది. అందుకే అందులో ఏడాది పొడవునా చదవడానికి పట్టిక పెట్టారు. 1969లో రోమన్ కాథలిక్కులు మూడేళ్ల చక్రం తెచ్చారు. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా, మధ్యమధ్యలో యోహాను. దాని ఆధారంగానే ప్రొటెస్టెంట్ సంఘాలు వాడే ఉమ్మడి పట్టిక 1992లో సవరించిన రూపంలో వచ్చింది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్లాన్ లేకపోతే చేయి తిరిగిన బటన్లనే మళ్లీ మళ్లీ నొక్కుతాం, తప్పు ఎక్కడో మూలన దాక్కుని ఉంటుంది. ప్రసంగమూ అంతే. పట్టిక లేకపోతే బోధకుడు తనకిష్టమైన పది భాగాల చుట్టూనే తిరిగే ప్రమాదం ఉంది. అయితే పట్టికకూ హద్దుంది. మూడేళ్లు తిరిగినా బైబిలులో చాలా భాగం అందులోకి రాదు. ఊళ్లో వరదొచ్చినా, చావొచ్చినా అచ్చయిన అంశానికి తెలియదు. అప్పుడు పట్టికను పక్కన పెట్టే తెలివి అయ్యగారికి ఉండాలి.

మరి బళ్లారికి ఇది ఎలా వచ్చింది? 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ ఇక్కడికొచ్చాడు. కన్నడ బైబిలు అనువాదంలో ఆయనది పెద్ద చేయి. ఆ సొసైటీలో ఎక్కువగా ఉన్నది కాంగ్రిగేషనల్ సంప్రదాయం. అందులో ఏ వాక్యం తీసుకోవాలన్నది బోధకుడి ఇష్టం. 1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు ఒకటయ్యాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వాటితో ఆంగ్లికన్లు, మెథడిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్ల నుంచి వచ్చిన పండుగల క్యాలెండరు, పాఠాల పట్టిక అలా అందరి సొత్తయ్యాయి. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరుకు వచ్చినా, గీతకు అటూ ఇటూ ఒకే పట్టిక చూసేవాళ్లు మిగిలారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా తరం చదివింది కన్నడ మీడియంలో. తెలుగు మాట్లాడతాం, పాడతాం, చదవమంటే తడబడతాం. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే గానీ తలకట్టు వేరు, క, త, శ వేరు. అప్పటికప్పుడు బైబిలు చేతికిచ్చి చదవమంటే మాలో ఎవరూ లేవరు. తెలుగు ఆరాధనలో పాఠం చదివే పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. చదివేవాళ్లు లేకపోతే ఆ ఆరాధన ఎన్నాళ్లు నిలుస్తుంది?

అందుకే మేము ఈ ఏడాది క్యాలెండరు ముందేసుకుని ఎవరు ఏ ఆదివారం చదవాలో పంచుకున్నాం. నెల ముందు పాఠం తెలిస్తే రోజుకు రెండు వచనాలు కూడబలుక్కోవచ్చు. మా తమ్ముడి కూతురికి లూకాలో తప్పిపోయిన కుమారుడి కథ వచ్చింది. కష్టమైన మాటల మీద పెన్సిల్‌తో కన్నడ అక్షరాలు రాసుకుంది. మొదటి వారం పేజీ నిండా ఉన్నాయి, ఇప్పుడు నాలుగే మిగిలాయి.

మీ ఇంట్లో పాత చర్చి క్యాలెండర్లుంటే పారేయకండి. పక్కన పెన్సిల్‌తో ఏం రాసుందో ఒకసారి చూడండి.