గోదాములోని సరుకే హామీ: మన దేశంలో స్వల్పకాలిక రుణ చరిత్ర

ఒక కంపెనీకి కోట్ల విలువైన భూమి ఉన్నా వచ్చే నెల జీతాలకు డబ్బు పుట్టకపోవచ్చు. మరో కంపెనీకి సొంత భవనం లేకున్నా, గోదాములో పత్తి బేళ్లుంటే బ్యాంకు అప్పు ఇవ్వవచ్చు. ఎందుకో చూడండి.

వలస పాలన కాలం

1806లో ఏర్పడిన బ్యాంక్ ఆఫ్ కలకత్తా 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. తొలినాళ్లలో దాని అప్పులకు లక్ష రూపాయలు, మూడు నెలలు అనే పరిమితులుండేవి. ప్రభుత్వ పత్రాలు, బంగారం, త్వరగా పాడవని సరుకులు హామీగా చెల్లేవి. ఇళ్లు, భూముల తనఖాపై మాత్రం నిషేధం. మూడు నెలల్లో తీరాల్సిన అప్పుకు ఆలోపు అమ్ముడుపోయే ఆస్తే సరైన హామీ అన్నది ఇందులోని తర్కం. నీలిమందు, నల్లమందు, ఉప్పు, పత్తి, తర్వాత తేయాకు, జనపనార ఇలాగే అప్పు తెచ్చిపెట్టాయి. అహ్మదాబాద్ మిల్లులు మాత్రం ప్రజల డిపాజిట్లపై ఎక్కువగా ఆధారపడ్డాయి. అక్కడ హామీ సరుకు కాదు, యజమానిపై నమ్మకం.

టాండన్ కమిటీ

నిల్వను బట్టి అప్పు ఇస్తే, నిల్వ పెంచిన కొద్దీ అప్పు పెరుగుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 1974లో వేసిన టాండన్ కమిటీ 1975లో నివేదిక ఇచ్చింది. పరిశ్రమలవారీగా సరుకు నిల్వలకు, రావలసిన బాకీలకు పరిమితులు సూచించింది.

దాని రెండో పద్ధతిని లెక్కతో గుర్తుపెట్టుకోండి. ప్రస్తుత ఆస్తులు 100 రూపాయలైతే 25 రూపాయలు కంపెనీ దీర్ఘకాలిక నిధుల నుంచి తేవాలి. సరఫరాదారుల అరువు వంటివి 20 ఉంటే, బ్యాంకు ఇచ్చేది 55 మాత్రమే. ప్రస్తుత నిష్పత్తి 1.33 కావడం ఇందువల్లే.

సంస్కరణల తర్వాత

1990లో కమర్షియల్ పేపర్ వచ్చింది. దీనికి తాకట్టు అక్కర్లేదు కానీ మంచి రేటింగ్ కావాలి. అంటే అది పెద్ద కంపెనీల దారి. 1997లో రిజర్వ్ బ్యాంకు టాండన్ తరహా పరిమితుల నుంచి బ్యాంకులకు స్వేచ్ఛనిచ్చింది.

మరి చిన్న పరిశ్రమ సంగతి? దాని ప్రధాన ఆస్తి తరచుగా పెద్ద కొనుగోలుదారు ఇంకా చెల్లించని బిల్లే. 2006 చట్టం 45 రోజుల గడువు పెట్టింది. 2014లో రిజర్వ్ బ్యాంకు ట్రెడ్స్ మార్గదర్శకాలు ఆ బిల్లును వేలంలో నగదుగా మార్చుకునే దారి చూపాయి. అయితే కొనుగోలుదారు బిల్లును అంగీకరిస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది.

ముగింపు

జవాబులో ఈ వాక్యం రాయండి: ఆస్తి విలువ ఒక్కటే కాదు, అది ఎంత త్వరగా నగదవుతుందన్నదే స్వల్పకాలిక రుణాన్ని నిర్ణయిస్తుంది. ఆస్తి ఎవరి చేతిలో ఇరుక్కుందో కూడా అడిగితే, మీ జవాబు చరిత్ర నుంచి విధానానికి చేరుతుంది.

సాధన ప్రశ్న: చిన్న పరిశ్రమల సమస్య ఆస్తులు లేకపోవడమా, ఉన్న ఆస్తి సకాలంలో నగదు కాకపోవడమా? చర్చించండి.